తలుపుకు అటువైపు గడియ

మా నడిమింటి తలుపుకు రెండు ముఖాలు. ఇటువైపు ముఖం నాది, అటువైపుది మా ఏరాలిది. ఏరాలంటే తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. ఎదురుపడితే అక్కా అంటాను. అనక తప్పదు, నాకన్నా పదేళ్లు ముందు ఈ కుటుంబంలోకి వచ్చింది. మనసులో మాత్రం ఏనాడూ అనలేదు. ఈ సంగతి దాచిపెట్టి మేమిద్దరం సొంత అక్కచెల్లెళ్లలా బతికామని రాస్తే నాందేడ్‌లో మా గల్లీ అంతా నవ్వుతుంది.

ఆ తలుపు మా నాన్న చేయించింది. నాన్నకు గోకుందలో చిన్న ఆరా మిషన్ ఉండేది. దుంగలు కోయించి, పలకలు చేయించి, ఇద్దరు వడ్లవాళ్లను పెట్టుకుని తలుపులు కూడా చేయించి అమ్మేవాడు. మా మామగారు ఇల్లు కట్టేటప్పుడు లోపలి తలుపులకు మంచి టేకు కావాలని వెతుక్కుంటూ అక్కడికి వచ్చి ఎనిమిది తలుపులు చెప్పారు. పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి నాలుగైదుసార్లు వచ్చారు. తలుపులు చూస్తూ చూస్తూ నన్ను కూడా చూశారు. అలా తలుపులు ముందొచ్చాయి, రెండేళ్ల తర్వాత నేను వచ్చాను. వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నాకు ముందే తెలిసినవి ఆ ఎనిమిది తలుపులే. వంటింట్లో ఎవరైనా ఏమైనా అంటే పోయి ఏదో ఒక తలుపు వెనక నిలబడేదాన్ని.

తలుపులకు నూనె పెట్టే పని నాన్న దగ్గరే నేర్చుకున్నాను. వానలు వెనకపట్టి, దసరా దాటి, గాలిలో తడి తగ్గిన రోజులు చూసుకోవాలి. పెయింట్ దుకాణంలో దొరికే మరిగించిన అవిసె నూనె తెచ్చుకోవాలి. పచ్చి నూనె అయితే వారాలు గడిచినా ఆరదు. గరుకు కాగితంతో టేకు గీతల వెంటే రుద్ది, దుమ్ము తుడిచి, మొదటి పూతకు నూనెలో సగానికి సగం టర్పెంటైన్ కలిపి, పాత ధోవతి గుడ్డతో పల్చగా పట్టించాలి. పావుగంట ఆగాలి. కట్టె తాగినంత తాగుతుంది. తాగనిది పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. అందరూ ఎగ్గొట్టేది ఈ తుడిచే పనినే. "పెట్టుడు ఎవ్వలైనా పెడ్తరు బిడ్డా, తుడుసుడే పని" అనేవాడు నాన్న. తుడవకుండా వదిలేస్తే నూనె పైపైన బంకగా నిలిచిపోయి, దుమ్మునంతా పిలిచి కూర్చోబెట్టుకుంటుంది.

రోజు విడిచి రోజు మూడు పూతలు. రెండు ముఖాలకూ ఒకే రోజు పెట్టాలి, లేకపోతే ఒకవైపు తేమ పీల్చి ఒకవైపు పీల్చక పలక వంగుతుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయాలి. పూతలు ఆరేదాకా తలుపు మూయకూడదు, మూస్తే చట్రానికి అతుక్కుంటుంది. ఇంత మడి పెళ్లికి కూడా ఉండదని మా ఆయన ఎగతాళి చేసేవారు. చేసుకోనీ. ఆయన ఎగతాళి చేసిన తలుపులే ముప్పై ఏళ్లుగా ఒక్క పగులు లేకుండా ఉన్నాయి.

మామగారు పోయిన ఏడాదికి అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు. నూనెల దుకాణం బావగారికి, విత్తనాల దుకాణం మాకు. ఇల్లు నిలువునా రెండు ముక్కలైంది, నడిమింట్లో గోడ లేచింది. పెద్దమనుషులు ఆ గోడలో ఒక్క తలుపు మాత్రం ఉంచారు. మంచికో చెడ్డకో అటూ ఇటూ తిరగడానికి దారి ఉండాలన్నారు. మరాఠీలో రాసిన వాటాల కాగితంలో ఆ తలుపును 'సామాయిక్' అన్నారు, అంటే ఉమ్మడిది. ఉమ్మడిదే గానీ ఎవరి భయం వారికి ఉంటుంది కదా, రెండు వైపులా రెండు గడియలు బిగించారు. లెక్క చూస్తే ఎనిమిది తలుపుల్లో మూడు మావైపు, నాలుగు వాళ్లవైపు, ఒకటి మధ్యలో. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక తలుపు మీద రెండు గడియలు మాత్రం బాగానే ఇమిడాయి.

ఆరు నెలలు తిరక్కుండానే బావగారు వాళ్లవైపు నాలుగు తలుపులూ పీకించారు. వాటి చోట సన్‌మైకా అంటించిన తలుపులు వచ్చాయి. పైకి మెరుపు, లోపల డొల్ల, తడితే డప్పు. మా నాన్న తలుపులను భంగారువాడు, అంటే పాతసామాన్లు కొనేవాడు, టెంపోలో పాత కూలర్ల పక్కన పడుకోబెట్టి తీసుకుపోయాడు. నేను కూరగాయలు కొనుక్కుని గల్లీ మలుపు తిరుగుతుంటే ఆ టెంపో నన్ను రాసుకుంటూ పోయింది. అప్పటికి నాన్న పోయి నాలుగు నెలలు. మీకు వద్దంటే నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా. గోడకు చేరేసుకునైనా ఉంచుకునేదాన్ని. ఎవరూ అడగలేదు. పైగా ఆ సాయంత్రం మా ఏరాలు మధ్య తలుపు దగ్గర నిలబడి, కొత్త తలుపులు చూద్దువు రమ్మని పిలిచింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. నేను ఆమె ముఖం మీదే తలుపు మూసి గడియ వేశాను. గోడ సున్నం రాలింది.

ఆ గడియ పదకొండేళ్లు అలాగే ఉంది. ఉందంటే ఊరికే లేదు. పొద్దున ఊడ్చేటప్పుడు ఒకసారి తీసి మళ్లీ వేసేదాన్ని, బిగువు సడలలేదు కదా అని. మధ్యాహ్నం తిన్నాక పడుకోబోయే ముందు ఇంకోసారి. వాళ్లింట్లో ఏదైనా పేరంటానికి నన్ను ఆలస్యంగా పిలిచారనుకోండి, ఆ రోజు నాలుగుసార్లు, అయిదుసార్లు, అటువైపు వినబడేటట్టు ఠపీమని. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మన పెద్దల నుంచి వస్తున్నదే. తలుపు తోసి మాత్రం ఎన్నడూ చూడలేదు. అటువైపు వాళ్లు కూడా గడియ వేసే ఉంటారని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, నేనైతే వేస్తాను కాబట్టి.

పండగలకూ పబ్బాలకూ వాళ్లింటికి పోవలసి వస్తే గల్లీలోంచి తిరిగి ముందువాకిలి గుండా పోయేదాన్ని. ముందుగదిలో కూర్చుని, బొట్టు పెట్టించుకుని, వచ్చేసేదాన్ని. లోపలికి ఒక్క అడుగు వేయలేదు. ఏటా దసరా అయ్యాక నా మూడు తలుపులకూ మూడు పూతలు, మధ్య తలుపుకు నావైపు ముఖానికి మూడు పూతలు పెట్టేదాన్ని. రెండు ముఖాలకూ పెట్టాలన్న నియమం నాకు గుర్తులేక కాదు. అటువైపు ముఖం వాళ్లది. ఎండనీ, పగలనీ, నాకేం అనుకున్నాను. నాన్న చేయించిన తలుపునే అలా అనుకున్నానంటే నా కోపం ఏపాటిదో మీరే చూసుకోండి.

నాలుగైదేళ్ల నుంచి ఆ తలుపు సందుల్లోంచి వాసన మొదలైంది. బూరెలు వేయించిన నూనెను నెల రోజులు మూత పెట్టి మరిచిపోతే వచ్చే వాసన. ఎండాకాలంలో కింది సందులోంచి గోధుమరంగు జిగురు నావైపు గడప మీదికి దిగేది. దాని వెంట చీమలు. అవి నా గడప దాటి, నా వంటింటి గట్టు దాకా బారులు కట్టేవి. మా ఏరాలు వంట చేస్తూ చేస్తూ జిడ్డు చేతులు ఆ తలుపుకే తుడుస్తోందని నేను తేల్చుకున్నాను. నూనెల కొట్టువాళ్ల ఇంటి ఆడపడుచు, ధర్మాబాద్ బజారులో పుట్టి పెరిగింది, ఆమెకు టేకు విలువేం తెలుసు? మా ఆయనకు రోజూ చెప్పాను. చాలదన్నట్టు కుండల్‌వాడిలో చుట్టాల పెళ్లికి పోయి, విస్తళ్ల ముందు పదిమంది ఆడవాళ్లు వింటుండగా, మా ఏరాలు నా తండ్రి తలుపును చేతులు తుడుచుకునే గుడ్డ చేసిందని చెప్పాను. అందరూ నవ్వారు. నాకు ఆ రోజు పెళ్లి భోజనం బాగా రుచించింది.

ఆ మాట తిరిగి తిరిగి బావగారి చెవిన పడింది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కిందటేడు దసరా మర్నాడు మా ఆయన్ను దుకాణానికి పిలిపించి, ఇన్ని మాటలెందుకు, ఆ దారి మూయించి గోడ కట్టించేద్దాం, తలుపును భంగారువాడికి ఇచ్చేద్దాం అన్నారట. సోమవారం గవండి, అంటే తాపీమేస్త్రీ, వస్తాడన్నారట. మా ఆయన సరేనన్నారు. ఇంటికి వచ్చి, నీ పీడ వదిలింది, ఇక వాసనా లేదు చీమలూ లేవని నాకేదో మేలు చేసినట్టు చెప్పారు.

నేను కోరింది వాళ్లకు నాలుగు చివాట్లు పడాలని. తలుపు పోవాలని కాదు. వాళ్ల నాలుగు తలుపులూ పోయాయని పదకొండేళ్లు గుక్కపట్టి ఏడ్చినదాన్ని, అయిదోదాన్ని నా నోటితో నేనే టెంపో ఎక్కించాను. ఆ తలుపు నాకు కావాలని, అది పోతే ఊరుకోనని మా ఆయనతో అన్నాను. రెండు వైపులా ఒప్పుకున్నాక ఇంకేం చేస్తాం అన్నారాయన. గల్లీలో అప్పటికే ఇటుకలు దిగాయి.

ఒక్క ఉపాయం తోచింది. తడి తలుపును ఎవరూ ముట్టుకోరు. శుక్రవారం మొదటి పూత పెడితే ఆదివారం రెండోది, మంగళవారం మూడోది, అది ఆరేసరికి ఇంకో రెండు రోజులు. ఆపైన పండగ పనులు మొదలవుతాయి, పండగ ముందు ఇంట్లో గోడ పని ఎవరూ పెట్టుకోరు. దీపావళి దాటితే మనుషుల మనసులు ఎటు తిరుగుతాయో ఎవరికి తెలుసు. కానీ ఈసారి నా ముఖం ఒక్కదానికి పెడితే చాలదు. మూసిన తలుపుకు ఒకవైపు నూనె పెడితే గోడ పని ఆగదు. తలుపు బార్లా తీసి, రెండు ముఖాలకూ పెట్టి, ఆరేదాకా తీసే ఉంచాలి. అంటే అటువైపు గడియ తీయించాలి. అంటే ఆమెను అడగాలి.

శుక్రవారం పొద్దున మగవాళ్లు దుకాణాలకు పోయాక, నూనె డబ్బా, గుడ్డలు, గరుకు కాగితం తెచ్చి గడప ముందు పెట్టుకుని నా గడియ తీశాను. తోశాను. కదల్లేదు. అనుకున్నంతా అయింది, గడియ వేసే ఉంచిందని తలుపు మీద మూడుసార్లు కొట్టాను. అటువైపు చీపురు చప్పుడు ఆగింది.

"అక్కా, జర మీ దిక్కు గడె తియ్యి" అన్నాను.

"తీసే ఉన్నది. నూకు" అంది లోపలి నుంచి.

మళ్లీ తోశాను. భుజం ఆనించి తోశాను. కదల్లేదు. గడియ తియ్యమని ఇంకోసారి అడిగితే, తీసే ఉన్నదంటే సమజ్ గాదా అని విసుక్కుంది. ఎదురుగా లేదు కాబట్టి సరిపోయింది గానీ, పట్టపగలు అబద్ధమాడుతున్న ఆ నోటిని గరుకు కాగితంతో తోమాలనిపించింది. డబ్బా చంకన పెట్టుకుని, ఎండలో గల్లీ చుట్టూ తిరిగి, వాళ్ల ముందువాకిలి దాటి, ముందుగది దాటి, పదకొండేళ్లలో మొదటిసారి లోపలికి పోయాను. ఆమె చీపురు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడి, నన్ను చూసి పక్కకు జరిగింది.

నాన్న తలుపుకు రెండో ముఖం చూశాను. అది తలుపులా లేదు. పొయ్యి వెనక గోడలా ఉంది. పైనుంచి కింద దాకా నల్లటి బంక, దాని మీద దుమ్ము, దాని మీద మళ్లీ బంక. కారి కారి ఎండిన చారలు. నడుమ ఎత్తున, వరుసగా, పాత కుంకుమ బొట్లు, ఒకదాని పక్కన ఒకటి, కొన్ని నల్లబడి కొన్ని ఇంకా ఎర్రగా. తిట్టడానికి నోరు తెరిచి, గడియ వైపు చూశాను.

గడియ వెనక్కి లాగి ఉంది. ఊరికే లాగి లేదు, లాగిన చోటే తుప్పుపట్టి, బంకలో కూరుకుపోయి ఉంది. చట్రానికి ఉన్న ఇనుపకొండి, గడియ పోయి దూరవలసిన రంధ్రం, ఎండిన నూనెతో నిండా పూడుకుపోయింది. వేలితో గుచ్చాను. రాయిలా ఉంది. నా డబ్బాతో పాటు తెచ్చుకున్న చాకు మొనతో పొడిచాను. పెచ్చు కూడా లేవలేదు. అందులో గడియ దూరి ఎన్నేళ్లయిందో లెక్క కట్టనవసరం లేదు. అసలు ఒక్కసారైనా దూరినట్టు కొండి అంచున గీత కూడా లేదు.

తలుపును పట్టి ఉంచింది గడియ కాదు, బంక. చట్రానికీ రెక్కకూ మధ్య చుట్టూ పేరుకుని అతుక్కుపోయింది.

ఆ క్షణంలో నాకు సిగ్గు వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, మొదట వచ్చింది కోపమే. పదకొండేళ్లుగా జాగ్రత్తగా పెంచుకున్న పగను నా చేతుల్లోంచి లాక్కున్నట్టయింది. సిగ్గు వెనకాల వచ్చింది, నెమ్మదిగా, అదీ పూర్తిగా రాలేదు.

దీనికేం పెట్టావని అడిగాను. కర్డి నూనె, అంటే కుసుమ నూనె, అంది. ధర్మాబాద్‌లో వాళ్ల పుట్టింట దీపావళికి అభ్యంగ స్నానాల పొద్దున, మనుషులకన్నా ముందు తలుపుకు నూనె పెట్టాలట. నూనె అమ్మి బతికే ఇల్లు కాబట్టి మొదటి గానుగ నూనె తలుపుదేనట. సన్‌మైకా మీద నూనె నిలవదు. అందుకని ఇంట్లో మిగిలిన ఈ ఒక్క కట్టె తలుపుకే, నాలుగు తలుపుల నూనె కూడా కలిపి, చేతినిండా పోసి పట్టిస్తోంది. బొట్టు పెడుతోంది. పదకొండు దీపావళులు, పదకొండు బొట్లు.

"దీనికి తినే నూనె పెడ్తరా ఎవలన్న?" అన్నాను.

"పెయింట్ దుకాణంల నూనె కొంటానికి మా ఇంట్ల నూనెకు కరువొచ్చిందా?" అంది. "నువ్వు ఏటా నీ దిక్కు పెడ్తుంటివి, వాసనొస్తుండె. నీ దిక్కు నువ్వు పెట్టినప్పుడు నా దిక్కు నేను పెట్టద్దా?"

పెట్టాక తుడిచావా అని అడిగాను. పండగపూట పెట్టిన నూనె తుడిస్తే అశుభం కాదా అని నన్నే ఎదురడిగింది. నూనె వ్యాపారం చేసే ఇంటికి నూనెలన్నీ లక్ష్మే. అవిసె నూనె ఆరుతుంది, తినే నూనె ఆరీ ఆరకా చిక్కబడి బంకవుతుందని తూకాలు పట్టే చేతులకు ఎవరు చెప్పారు? చెప్పగలిగినదాన్ని నేను. గోడకు ఇవతల కూర్చుని గడియ వాయిస్తున్నాను.

చాకుతో చట్రం చుట్టూ బంక కోశాను. ఆమె రెక్క అంచు పట్టుకుని లాగింది. అడుగంటిన చలిమిడి గిన్నెను వదిలినట్టు తలుపు వదిలింది. తెరుచుకుంది. మా నడిమిల్లు ఆమెకు కనబడింది, ఆమె వంటిల్లు నాకు కనబడింది. ఇద్దరికీ చూసింది నచ్చలేదు. నా గట్టు మీద కడగని గిన్నెలున్నాయి, ఆమె వాటినే చూసింది.

మధ్యాహ్నం దాకా గీకాం. ఇనుపపట్టీతో బంక లేపి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, మళ్లీ గీకి. ఆమె అడ్డంగా గీకుతుంటే గీతల వెంట గీకమన్నాను. నువ్వు పుట్టకముందు నుంచి నేను నూనెలో చేతులు పెట్టిన అంది. అందుకే ఇట్లయింది అన్నాను. బొట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది. వాటిని గీకడానికి నాకు కూడా చెయ్యి రాలేదు. చివరికి ఆమే తడిగుడ్డతో ఒక్కొక్కటి అద్ది తీసి, ఆ గుడ్డను తులసికోట దగ్గర పెట్టి వచ్చింది. బంక కింద టేకు బయటపడింది. ఎండ తగలని కట్టె, నావైపు దానికన్నా ఎర్రగా, గీతలు గీతలుగా. చిన్నప్పుడు నాన్న మిషన్‌లో అప్పుడే కోసిన పలక మీద మొదటిసారి చెయ్యి పెట్టిన రోజు గుర్తొచ్చి కాసేపు అటు తిరిగి కూర్చున్నాను. ఆమె చూసింది. పట్టీతో గీకుతూనే ఉంది.

మొదటి పూత పెట్టాం, నావైపు నేను, ఆమెవైపు ఆమె. పావుగంట ఆగాక తుడవమన్నాను. పెట్టిన నూనె తుడుచుడేంది అని గొణిగింది. కట్టె తాగింది తాగింది, మిగిలింది నీది కాదు అన్నాను. ఆ మాట నాన్నదే. తుడిచింది.

ఒంటిగంటకు బావగారు భోజనానికి వచ్చారు. తలుపు బార్లా తీసి ఉంది, అటొకరు ఇటొకరు నూనె చేతులతో ఉన్నాం. సోమవారం గవండి వస్తాడు కదా, ఇదంతా దేనికన్నారు. నేను ఏదో చెప్పబోయేలోపు ఆమె అందుకుంది.

"తడి మీద ఉన్నది. పండుగ కానియ్యున్రి."

నా ఉపాయం నేను ఆమెకు చెప్పనే లేదు. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. బావగారు ఇద్దరినీ చూసి, చేతులు కడుక్కోవడానికి పోయారు. సోమవారం గవండి రానే వచ్చాడు. తలుపు మీద చెయ్యి వేయబోతే రెండు వైపుల నుంచీ ఇద్దరం అరిచాం. అతను ఇటుకల మీద కూర్చుని చాయ్ తాగి పోయాడు.

అంతకు ముందురోజు, ఆదివారం రెండో పూత తుడిచేటప్పుడే అడిగేశాను. మాట కడుపులో ఉంచుకోవడం నాకు చేతకాదు. మీవైపు గడియ ఎందుకు వేసుకోలేదని అడిగాను. ఆమె తుడవడం ఆపకుండానే చెప్పింది.

"నీ గడె పడ్డప్పుడల్ల నాకు ఇనవడ్తుండె. పొద్దుగాల ఒకసారి, పగటీలి ఒకసారి. కోపమొచ్చిన దినం నాలుగైదుసార్లు. నేను గూడ ఏసుకుంటే ఇంక దీనికి, గోడకు ఫరకేముంటది?"

నేను అయినా ఊరుకోలేదు. "మరి మా నాన్న తలుపులు నాలుగు భంగారుకు ఏసిండ్రు గద" అన్నాను.

గుడ్డ మడత మార్చుకుంది. "అది తప్పే. ఆయనను అననీకి లేదు. నాకే కొత్తయి గావాల్ననిపించింది. అందరిండ్లల్ల ఉన్నయి."

ఆమె క్షమించమని అడగలేదు. నేను క్షమించానని చెప్పలేదు. ఆ నాలుగు తలుపులకు ఇప్పటికీ నా కడుపు మండుతుంది. కుండల్‌వాడిలో నేనన్న మాటను నేనూ వెనక్కి తీసుకోలేదు. నవ్విన పదిమందినీ వెతుక్కుంటూ ఏమని పోను? అది నా తప్పు, అలాగే ఉంది.

గోడ పని పండగ దాటింది, సంక్రమణం దాటింది, ఇప్పుడు ఆ ఊసే లేదు. ఇటుకలతో బావగారు వాకిట్లో కూలరుకు గట్టు కట్టించారు. దీపావళి పొద్దున ఆమె కర్డి నూనె గిన్నెతో తలుపు దగ్గరికి రానే వచ్చింది. పోట్లాడి పోట్లాడి గడప రాయి మీద ఒక్క చుక్కకు ఒప్పుకున్నాను. బొట్టు మాత్రం తలుపుకే పెట్టింది, పన్నెండోది. మేమేమీ కలిసిపోలేదు. ఆమె ఎప్పుడంటే అప్పుడు తలుపు తోసుకుని వచ్చి నా గిన్నెల మీద మూతలు తీసి చూస్తుంది. ఉప్పెక్కువైందంటుంది. నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటప్పుడు నా చెయ్యి దానంతటదే గడియ మీదికి పోతుంది. పోయి ఆగిపోతుంది. ఆమె గడియకు తుప్పు వదిలించి నూనె పెట్టాం గానీ ఇప్పటికీ సగమే కదులుతుంది. నాది మాత్రం రోజూ తోమిన చెంబులా మెరుస్తూ ఉంటుంది. ఏడాదిగా వేయలేదు. అయినా మెరుపు పోలేదు. అది ఆమె గడియలా తుప్పు పట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.